గుమ్మం మీది పసుపు గీతలు

నీలాద్రి రాజ్యంలో కడగొట్టు బిడ్డకే పట్టం కట్టడం ఆచారం. అందుకే రాజుగారి చిన్నకూతురు తరళకు ఆరో ఏట కుట్టించిన పట్టు పరికిణీ పదకొండో ఏట కూడా సరిపోయిందని తెలిసినప్పుడు కోటంతా గగ్గోలెత్తింది.

"శాపం తగిలింది!" అన్నారు మంత్రులు.

అక్క వకుళ తల వంచుకుంది. ఐదేళ్ళ కిందట ఆటల తొందరలో ఆమె నిద్రపోతున్న చెల్లెల్ని దాటింది. అలా దాటితే పిల్లలు ఎదగరని, వెంటనే వెనక్కి దాటాలని దాది చెప్పేది. వకుళ వెనక్కి దాటలేదు. ఏటా ఉగాదినాడు చెల్లెలి ఎత్తును గుమ్మానికి పసుపుతో గీయడం అక్క పని. తన తప్పు బయటపడుతుందన్న భయంతో ఆమె ప్రతి ఏడూ గీతను పైకి జరిపి గీసింది. ఆ గీతలను నమ్మి రాజు వైద్యుణ్ణి పిలిపించలేదు.

మంచుకొండ మీది యోగినికి విరుగుడు తెలుసని విని, వకుళ ఒంటరిగా బయలుదేరింది.

అడవి మొదట్లోనే ఒక రాక్షసి అడ్డుపడింది.

"ఎందుకొచ్చావే?"

"చెల్లెలి మీద ప్రేమతో."

రాక్షసి ముక్కు మూసుకుంది. "సగం నిజం! సగం ఉడికిన మాంసంలా కంపు కొడుతోంది. మిగతా సగం చెప్తావా, నిన్నే వండుకోనా?"

వకుళ దొంగ గీతల సంగతి చెప్పింది. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. రాక్షసి ముక్కు మీది చేయి తీసి దారి ఇచ్చింది.

కొండ కింద ఒక కొండచిలువ అడ్డంగా పడుకుని ఉంది. వకుళ చుట్టూ తిరిగి వెళ్ళబోయింది.

"నా తోక చివరికి మూడు రోజుల నడక, అమ్మాయ్. దాటిపో!"

"దాటితే నువ్వు ఎదగవు."

కొండచిలువ పకపకా నవ్వింది. "దారిన పోయే జింకలన్నీ నన్ను దాటినవే. నిన్ననే విడిచిన కుబుసం అదిగో, ఇప్పటికే నాకు పొట్టి!"

వకుళ కళ్ళు మూసుకుని దాటింది.

కొండ మీద యోగిని బట్ట నేస్తోంది. వకుళ చెల్లెలి సంగతంతా చెప్పగా విని, "పుట్టినప్పుడు పాదాలు వాచి ఉన్నాయా? మెడ వెడల్పా?" అని అడిగింది.

"అవునమ్మా. నేను దాటినందుకేనా?"

"కాదు. ఆడపిల్ల దేహమనే నేతలో ఒక దారాల జత ఉంటుంది. అందులో ఒకటి మీ చెల్లికి కడుపులో ఉన్నప్పుడే లేదు. అది ఎవరి తప్పూ కాదు. తెలివికేం లోటుండదు. ఈ మందు రోజూ వేయండి. పన్నెండో ఏడు దాటాక, ఈడు రావడానికి ఈ రెండోది మొదలుపెట్టండి. ఏటా గుండె, చెవులు వైద్యుడికి చూపించండి."

"నా అంత అవుతుందా?"

"కాదు. కొంత ఎదుగుతుంది. ముందే వచ్చి ఉంటే ఇంకాస్త ఎదిగేది."

కొండ దిగుతున్నంతసేపూ వకుళ ఏడ్చింది. దాటిన పాపం పోయింది. దాచిన తప్పు మిగిలింది.

కోటలో అందరి ముందూ ఆమె గీతల సంగతి చెప్పేసింది. రాజు ముఖం తిప్పుకున్నాడు. తరళ మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నాకు తెలీదా అక్కా? గీత కింద నిలబడ్డది నేనేగా! నువ్వు భయపడుతున్నావని ఊరుకున్నా."

వకుళ తడిగుడ్డతో గుమ్మం తుడవబోయింది.

"ఉండనీ. అక్కడిదాకా వస్తానో లేదో చూద్దాం."

ఏడేళ్ళ తర్వాత, పట్టాభిషేకం నాటి ఉదయం, తరళ ఆ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. వకుళ ఈసారి గీతను పైకి జరపకుండా, తల ఎత్తుకు సరిగ్గా గీసింది. ఆఖరి దొంగ గీత చెల్లెలి భుజం దగ్గర కనిపించింది.

సింహాసనం ముందు కాళ్ళకు ఒక పీట వేశారు. దాని మీద పాదాలు ఆనించి, తరళ చాలాకాలం చల్లగా ఏలింది.