భుజం మార్చుకునేంత దూరం

తెల్లవారేసరికి పెనం మీద సోడా రొట్టెలు పొంగాయి. మెర్విన్ గాల్ట్ వాటిని గుడ్డ పరిచిన బల్ల మీదకు తీసి, షట్టరు ఎత్తి, అలవాటుగా వీధి చివరకు చూశాడు. చివర గోడ. బెల్‌ఫాస్ట్‌లో ఆ గోడకు ఇవతల మెర్విన్ లాంటి ప్రొటెస్టెంట్లు, అవతల కాథలిక్కులు. మధ్యలో ఒక ఇనుప గేటు. పొద్దున తెరుస్తారు, సాయంత్రం మూసేస్తారు. మెర్విన్ తండ్రి ఆ బేకరీ పెట్టినప్పుడు గోడ లేదు. గోడ లేచాక సగం బేరం అవతలే ఉండిపోయింది. మిగిలిన సగంతోనే కొట్టు నడవాలి కనుక, ఆ సగం మనసు నొప్పించే పని ఏదీ చేయకూడదని మెర్విన్ ఏనాడో నిర్ణయించుకున్నాడు.

అతని భార్య హేజెల్ నల్లకోటు వేసుకుని మేడ దిగి వచ్చింది. చేతిలో ఇంకో నల్లకోటు ఉంది, మగవాళ్లది. దాన్ని తలుపు వెనక కొక్కేనికి తగిలించింది.

"బ్రష్షు పెట్టి దులిపాను. భుజం దగ్గర చిమ్మట కొట్టింది గానీ ఎవరికీ కనపడదు," అంది.

"ఎవరికి కనపడాలి?" అన్నాడు మెర్విన్, తెలిసే.

"మలకీ అంత్యక్రియలు ఇవాళే. పది గంటలకు వాళ్ల చర్చిలో."

"నువ్వు వెళ్లు. నేను ఆపలేదుగా."

"నేను వెళ్లడం కొత్తేముంది. నువ్వు రావాలి."

మలకీ భార్య డింఫ్నా, హేజెల్‌కు గోడ అవతలి జోడీ. వేసవి వచ్చిందంటే ఇద్దరి ఏప్రాన్ జేబుల్లోనూ చెరో పాత ఫోను ఉంటుంది. ఏ సాయంత్రమైనా గోడ మీదుగా ఇటునుంచి రాళ్లు పడితే డింఫ్నా మోగిస్తుంది, అటునుంచి పడితే హేజెల్ మోగిస్తుంది. ఎవరి వీధి కుర్రాళ్లను వాళ్లు చెవి పట్టుకుని ఇళ్లకు తోలుతారు. పోలీసు బండి రాకముందే గొడవ ముగుస్తుంది. అలా ఎన్నో వేసవులు గడిచాయి. ఇప్పుడు ఇద్దరూ కలిసి ఆ గేటును రాత్రి దాకా తెరిచి ఉంచాలని అడుగుతున్నారు. ఆసుపత్రి అవతల ఉంది, పెద్ద బస్సు ఇవతల ఆగుతుంది. సాయంత్రమైతే ముసలివాళ్లు ఊరంతా చుట్టి రావాలి. రెండు వీధులూ ఒప్పుకుంటే గేటు తెరుస్తామని అధికారులు అన్నారు. ఇవతలి వీధి సగం దాకా ఒప్పుకుంది. అవతలి వీధి డింఫ్నా కొడుకు ఫింటన్ దగ్గర ఆగిపోయింది.

"ఫింటన్ అందరి ముందూ ఏమన్నాడో నీకు చెప్పాను," అంది హేజెల్. "మా వీధిని మీ వీధిని నమ్మమంటున్నారు, ముందు మీ ఆయన్ని ఈ గేటు దాటించి చూపించండి ఆంటీ, అన్నాడు. టీ కప్పు చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. ఏం చెప్పను?"

"కొట్టు చూసుకోవాలని చెప్పు."

"ప్రతిసారీ అదే చెప్పాను."

మెర్విన్ రొట్టెల మీద గుడ్డ కప్పాడు. "నిన్న మన వీధి ట్రెవర్ వచ్చాడు. నాలుగు బన్నులు కొని, మీ ఆవిడ వాళ్ల చర్చికి వెళ్తోందట కదా అన్నా, అన్నాడు. ఆ గొంతు నాకు తెలుసు. ఇప్పటికే లాడ్జి సంఘం వాళ్లు జూలై ఊరేగింపుకి శాండ్‌విచ్‌లు మన దగ్గర మానేశారు. స్కూలు వాళ్లు మానేశారు. నీ శాంతి ఊరికే రాలేదు హేజెల్. నా పిండితోనే పిసికావు దాన్ని."

"లెక్క చెబుతున్నావా నాకు?"

"కొట్టువాణ్ణి. ఇంకేం చెప్పగలను?"

"అయితే పూర్తిగా చెప్పు. ఫోను మోగితే అటు తిరిగి పడుకున్న రాత్రులు కూడా కలుపు. రాయి తగిలి నా నుదుటి మీద ఈ కుట్లు పడిన రోజు ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్లారో కూడా రాసుకో అందులో. మలకీ తీసుకెళ్లాడు. నువ్వు కొట్టు కడుగుతున్నావు."

మెర్విన్ ముఖం కందిపోయింది. "ఆ మలకీ మంచితనం నాకు చెప్పకు. మా నాన్న పోయినప్పుడు ఏం చేశాడు? మన చర్చి దాకా వచ్చాడు. వచ్చి రోడ్డుకి అవతల నిలబడ్డాడు. ప్రార్థన అయ్యేదాకా గుమ్మం తొక్కలేదు, మా గాలి సోకితే మైలపడతాడన్నట్టు. కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను. వీధంతా చూసింది. నాకు ఎంత వచ్చిందో అంతే తిరిగి ఇస్తాను. ఎక్కువా ఇవ్వను, తక్కువా ఇవ్వను."

"ఎందుకు నిలబడ్డాడో అడిగావా?"

"కళ్లారా చూశాక అడిగేదేముంది? నువ్వు అడిగావా?"

"లేదు," అంది హేజెల్. "ఆ మాట డింఫ్నాని అడగడానికి నాకు సిగ్గేసింది."

హేజెల్ జేబులోంచి పాత ఫోను తీసి రొట్టెల పక్కన పెట్టింది.

"ఇది కూడా నువ్వే ఉంచుకో. సొంత మొగుణ్ణి దాటించలేనిదాన్ని, వీధిని ఏం దాటిస్తాను? ఫింటన్ అన్నది నిజమే. ఈ రోజుతో మానేస్తున్నాను. నీ కొట్టుకి మంచి రోజులు వస్తాయిలే."

తలుపు గంట మోగింది. ఆమె వెళ్లిపోయింది, గేటు వైపు కాదు, పెద్ద రోడ్డు వైపు. చుట్టూ తిరిగి వెళుతోందని మెర్విన్‌కు అర్థమైంది. ఆమె ఎప్పుడూ అలా వెళ్లలేదు. గేటులోంచి, నడిమధ్యగా, అందరూ చూస్తుండగా వెళ్లేది.

గెలిచినట్టే ఉంది గానీ చేతికి ఏమీ రాలేదు. మెర్విన్ బల్ల తుడిచాడు. తుడిచిన బల్లనే మళ్లీ తుడిచాడు. ఇంతలో ఫోను మోగింది. మోగనిద్దామనుకున్నాడు. ఆగలేదు.

"హేజెల్, బయల్దేరావా తల్లీ?" అటునుంచి డింఫ్నా గొంతు. వెనక ఇంటినిండా జనం, కప్పుల చప్పుడు. "గేటు దగ్గర మీ ట్రెవర్ వాళ్లు నిలబడి వచ్చేవాళ్లను చూస్తున్నారట. చుట్టూ తిరిగి రా."

"నేను మెర్విన్‌ని," అన్నాడు. తరువాత ఏమనాలో అక్కడ అందరికీ తెలిసిన మాట ఉంది. "మీకు వచ్చిన కష్టానికి విచారిస్తున్నానమ్మా."

"థాంక్సండీ." ఆమె ఆగింది. "మీ గొంతు ఫోనులో వినడం ఇదే మొదలు."

ఆమె పెట్టేస్తుందేమోనని అతను గబగబా అన్నాడు. "ఒక్క మాట. ఇవాళ అడగకూడదు. మా నాన్న అంత్యక్రియలప్పుడు మీ ఆయన లోపలికి ఎందుకు రాలేదు?"

అటు కప్పుల చప్పుడు దూరమైంది. పక్క గదిలోకి వెళ్లినట్టుంది.

"మా రోజుల్లో మీ చర్చిలో అడుగు పెడితే పాపం. ఫాదర్ దగ్గర మోకరించి ఒప్పుకోవాలి. ఆ నియమం ఎప్పుడో తీసేశారనుకోండి. కానీ ఈయన చిన్నప్పుడు వాళ్లమ్మకు మాట ఇచ్చారు. అమ్మ పోయింది, మాట ఉండిపోయింది. అందుకే రోడ్డు మీద నిలబడ్డారు. ప్రార్థనకి రాలేకపోయినా మోయడానికి రావచ్చు కదా. మీ నాన్నగారి పేటిక బయటికి రాగానే ఒక భుజం వేద్దామని వచ్చారు. గోడ లేనప్పుడు ఆయన రొట్టె తినే పెరిగానని అనేవారు."

మెర్విన్‌కు ఆ వాన గుర్తొచ్చింది. తండ్రి పేటికను చర్చి గుమ్మంలోనే కారులోకి ఎక్కించమని చెప్పింది తనే. రోడ్డు మీద ఎవరూ మోయలేదు.

"మీరు కారులో పెట్టేశారు," అంది డింఫ్నా. "ఇంటికొచ్చి తడిసిన కోటు కుర్చీకి వేసి, నా భుజం వద్దనుకున్నారు డింఫ్నా, అన్నారు. తప్పు పట్టలేదు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు కూడా. ఇన్నాళ్లూ మీరు ఇటు రాకపోతే, అందుకేననుకున్నాం."

ఫోను పెట్టేశాక మెర్విన్ కొంతసేపు పెనం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఇద్దరు మనుషులు ఒకరి బాకీ ఒకరి మీద రాసుకున్నారు. నిజానికి ఎవరూ ఎవరికీ ఏమీ బాకీ లేరు. ఒకడు పోయాడు. ఇక కొట్టేయడానికి కూడా రెండో మనిషి లేడు.

షట్టరు దించాడు. కొక్కేనికున్న నల్లకోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, ఫోను జేబులో వేసుకున్నాడు.

గేటు దగ్గర ట్రెవర్ గోడకు ఆనుకుని ఉన్నాడు, ఇద్దరు కుర్రాళ్లతో. "ఏంటన్నా, దారి తప్పావా?"

"లేదు. ఆలస్యమైంది," అన్నాడు మెర్విన్.

"జూలై పన్నెండో తారీఖు ఊరేగింపుకి నీ బన్ను ఒక్కటి కూడా కొనరు, చూసుకో."

"ఇప్పుడేదో కొంటున్నట్టు మాట్లాడకు ట్రెవర్. నిన్నటి నాలుగూ ఎలా ఉన్నాయి?"

ఒక కుర్రాడు నవ్వబోయి ఆపుకున్నాడు. మెర్విన్ గేటు దాటాడు.

వాళ్ల చర్చి మెట్ల దాకా వచ్చాక కాళ్లు ఆగిపోయాయి. ప్రొటెస్టెంట్ల సంఘమైన ఆ లాడ్జిలో చేరిన రోజున అతనూ ఒట్టు పెట్టాడు, వాళ్ల ప్రార్థనలో కూర్చోనని. తండ్రి చూస్తుండగా పెట్టిన ఒట్టు. లోపలి నుంచి పాట వినిపిస్తోంది. రోడ్డుకి అవతలికి వెళ్లి, ఇనుప కమ్మీల దగ్గర నిలబడ్డాడు. సన్నగా చినుకులు మొదలయ్యాయి. ఇప్పుడు కిటికీలోంచి ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అతనికి బాగా తెలుసు.

పేటిక బయటికి వచ్చింది. వాన చూసి ఎవరో కారు తలుపు తీయబోయారు. మెట్ల మీద నుంచి డింఫ్నా రోడ్డు అవతలికి చూసింది. ఏదో అంది. కారు తలుపు మూసుకుంది.

అంత్యక్రియల ఏర్పాట్లు చూసే పెద్దమనిషి మగవాళ్లను ఎత్తు చూసి జత కడుతున్నాడు. మెర్విన్‌ను పిలిచి, పైనుంచి కిందకు చూసి, ఫింటన్ పక్కన నిలబెట్టాడు. పేటిక కింద ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకోవాలి, లేకపోతే బరువు నిలవదు. ఫింటన్ చెయ్యి మెర్విన్ కోటును చిమ్మట కొట్టిన చోటే గట్టిగా పట్టుకుంది.

"ఆలస్యంగా వచ్చారు, బేకరీ ఆయనా," అన్నాడు ఫింటన్ మెల్లగా, ముందుకు చూస్తూనే.

"తెలుసు బాబూ."

"మీకు తెలుసు. మా నాన్నకి తెలియదు కదా."

మెర్విన్ నడిచాడు. మందుల కొట్టు మలుపు రాగానే పెద్దమనిషి భుజం తట్టాడు. వెనక వాళ్లు వచ్చి బరువు అందుకున్నారు. అంతే. చర్చి గుమ్మం నుంచి మందుల కొట్టు దాకా. తన కొట్టు నుంచి గేటుకి ఇంతకన్నా దూరం. ఇంత చిన్న పనినా తను ఇన్నేళ్లు పట్టి ఉంచింది? ముఖం మీద తడి వానది కాదని పక్కవాళ్లకు తెలియకుండా టోపీ కిందకు లాక్కున్నాడు.

ఫింటన్ ముందుకు పోతూ వెనక్కి తిరిగాడు. "మీటింగుకి వస్తానని ఆంటీకి చెప్పండి. ఒప్పుకుంటానని కాదు. వస్తాను, అంతే."

జనం సాగిపోయాక హేజెల్ పక్కకు వచ్చి నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"థాంక్స్ చెబుతానని చూడకు," అంది. "ఆయన బతికుండగా రావలసింది."

"అవును."

"ఎవరు చెప్పారు?"

"డింఫ్నా. అడిగితే చెప్పింది." టోపీ తీసి నీళ్లు విదిలించాడు. "అడగడమే ఖరీదనుకున్నాను ఇన్నాళ్లూ. అడగకపోవడానికే ఎక్కువ పడింది."

ఆమె అతని చెయ్యి పట్టుకోలేదు. కానీ పెద్ద రోడ్డు వైపు తిరగలేదు కూడా. ఇద్దరూ గేటు వైపే నడిచారు. ట్రెవర్ వెళ్లిపోయాడు. బేకరీ షట్టరు మీద ఎవరో గుడ్డు కొట్టారు. సొన ఇంకా జారుతోంది.

మెర్విన్ జేబులోంచి పాత ఫోను తీసి చాపాడు. హేజెల్ అందుకోలేదు.

"ఈ వేసవికి నీ దగ్గరే ఉంచుకో."

"మోగితే?"

"లేచి వెళ్లు," అంది హేజెల్. "నేను అటు తిరిగి పడుకుంటాను."

అతను ఫోను తిరిగి జేబులో వేసుకుని, షట్టరు కడగడానికి నీళ్లు తెచ్చాడు.