రెండడుగులు ముందుకు

ఇడ్లీ వాయి దించకముందే యేసుపాదం ఇంట్లో లెన్సు గొడవ మొదలైంది. మూడు నెలలుగా ఆ ఇంట్లో కాఫీకి ముందు అదే, అన్నం తిన్నాక అదే. బళ్ళో అరవైమంది పిల్లల అల్లరి నోరెత్తకుండా భరించే పుల్లమ్మ టీచరుకి, రెండో శనివారం కూడా ఇంట్లో ఈ తండ్రీకూతుళ్ళ గోల భరించడం చేతకావడం లేదు.

"పద్దెనిమిది నుంచి రెండొందల మిల్లీమీటర్ల దాకా. ఈ ఒక్క జూమ్ లెన్సు కొంటే చాలు నాన్నా," అంటూ క్రిస్టీనా నెట్ సెంటర్లో ప్రింటు తీయించుకొచ్చిన కాగితాలు మళ్ళీ తండ్రి ముందు పెట్టింది. "స్టేజీ మొత్తం దాంట్లోనే వస్తుంది, పెళ్ళికూతురి మొహమూ దాంట్లోనే వస్తుంది."

"మసగ్గా వస్తుంది," యేసుపాదం కాగితాలు చూడకుండానే పక్కకి నెట్టాడు. "జూమ్ లాగేకొద్దీ వెలుతురు తగ్గిపోతుంది. నా యాభై లెన్సు బంగారంలా ఉందిగా."

"దాంతో దూరంగా ఉన్నది దగ్గరికి రాదు."

"నువ్వు దగ్గరికెళ్ళు. రెండడుగులు ముందుకెయ్యి. ఇరవై రెండేళ్ళు నేను చేసింది అదేగా."

"పోనీ రెండు లెన్సులు పెట్టుకుని మార్చుకోవే," అంది పుల్లమ్మ వంటింట్లోంచి, ఎలాగోలా ఈ గొడవ తెగితే చాలని.

"మార్చేలోపు తాళి కట్టేస్తారమ్మా! పైగా మిర్చి ఎండబెట్టే ఈ రోజుల్లో ఊళ్ళల్లో లెన్సు విప్పామా, కెమెరా లోపలంతా దుమ్మే."

యేసుపాదం చెయ్యి తిరిగిన ఫోటోగ్రాఫరు, అందులో అనుమానం లేదు. సత్తెనపల్లి చుట్టుపక్కల ఏ పెళ్ళయినా ఆయన స్టూడియోకే కబురొచ్చేది. ఏడాదిన్నర క్రితం, 2006లో, చిలకలూరిపేట రోడ్డు మీద లారీ తగిలి కుడికాలు విరిగింది. అప్పట్నుంచీ కొత్త డిజిటల్ కెమెరా పట్టుకుని పెళ్ళిళ్ళకి క్రిస్టీనాయే వెళుతోంది. ఆయన కాలు చాపుకుని కంప్యూటర్ ముందు కూర్చుని ఆమె తీసిన ఫోటోల్లో తప్పులు వెతుకుతాడు. ఆ పనికి మాత్రం ఒక్కరోజు నాగా లేదు.

"ఇటు రా. కోటిరత్నం గారమ్మాయి పెళ్ళి చూడు. ఇదేంటి? వీడియో అతని వీపు. ఇదేంటి? ఎవడిదో భుజం. తాళి ఏదమ్మా? ఆవిడ ఇందాకే ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. ఏం చెప్పమంటావ్? మా అమ్మాయికి బద్ధకమండీ, రెండడుగులు వెయ్యలేకపోయిందీ అని చెప్పనా?"

"చెప్పు."

ఆ పొడి జవాబుకి యేసుపాదానికి ఒళ్ళు మండింది. "పనిమీద శ్రద్ధ లేనివాళ్ళకి లెన్సు ఎందుకు? వచ్చేనెల నుంచి నీకు పెళ్ళిళ్ళు లేవు. షాపులో కూర్చుని పాస్‌పోర్టు ఫోటోలు తీసుకో."

క్రిస్టీనా మొహం పాలిపోయింది. పెళ్ళి ఫోటోలంటే ఆ పిల్లకి ప్రాణం.

"దగ్గరికెళితే ఏమవుతుందో తెలుసా నాన్నా నీకు?" అంది మెల్లగా.

"ఏమవుతుంది?"

"తాళి కట్టేటప్పుడు అక్షింతలు వెయ్యడానికి అందరూ మీద పడతారు. ఆ తొక్కిడిలో వెనకనుంచి చెయ్యి పడుతుంది. నడుం మీద. ఇంకా ఎక్కడెక్కడో. ఎవడిదో తెలీదు. తొయ్యడానికి నాకు చేతులు ఖాళీ ఉండవు నాన్నా. రెండు చేతుల్లోనూ కెమెరా ఉంటుంది." "అందుకే ఆడవాళ్ళ మధ్య నిలబడి తీస్తున్నా. అక్కణ్ణుంచి అందడానికే ఆ లెన్సు అడిగింది."

పుల్లమ్మ గరిటెతోనే బయటికొచ్చింది. "ఎన్నాళ్ళనుంచే? నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మాన్పించేదానివి కదమ్మా."

పుల్లమ్మ గరిటె పక్కన పెట్టి కూతురి తల నిమిరింది.

యేసుపాదం కంప్యూటర్ వైపు తిరిగాడు. అవే ఫోటోలు మొదట్నుంచి తెరిచాడు. ఈసారి తాళి కోసం వెతకలేదు, అంచులు చూశాడు. ఒకదాంట్లో ఎవరిదో పట్టుచీర కొంగు, ఇంకోదాంట్లో గాజుల చెయ్యి, మరోదాంట్లో ముసలావిడ కొప్పు. గుంపు పెరిగేకొద్దీ తన కూతురు వెనక్కి వెనక్కి జరుగుతూ పోయింది. ఏడాదిన్నర క్రితం ఆమె తీసిన మొట్టమొదటి పెళ్ళి తెరిచాడు. అందులో తాళి ముడి, పెళ్ళికూతురి కనురెప్ప మీద తడి కూడా స్పష్టంగా ఉన్నాయి. ఆ ఒక్కసారే ముందుకెళ్ళింది. తర్వాత ఏ పెళ్ళిలోనూ వెళ్ళలేదు. వెంట్రుక అడ్డమొచ్చినా తప్పు పట్టే మనిషి, ఇన్నాళ్ళూ దీన్ని చూడలేదు. యేసుపాదం కళ్ళు నిండిపోయాయి.

ఇడ్లీ ముట్టకుండా చేతికర్ర తీసుకుని గుంటూరు బస్సెక్కాడు. "ఆ కాలుతో ఎక్కడికండీ?" అని పుల్లమ్మ వీధి చివరిదాకా అరుస్తూనే ఉంది. మధ్యాహ్నం మూడింటికి చెమటలు కక్కుతూ తిరిగొచ్చి, కూతురి ఒళ్ళో పెట్టె పెట్టాడు.

"పద్దెనిమిది నుంచి రెండొందలు. వెలుతురు కాస్త తక్కువే. ఫ్లాషు చూసుకుని వాడు."

క్రిస్టీనా పెట్టె తెరవలేదు, తండ్రినే చూస్తోంది.

"నేను ఫోటోలే చూశాను తల్లీ. నువ్వెక్కడ నిలబడ్డావో ఒక్కనాడూ చూడలేదు," అన్నాడు తలదించుకుని. "గురువారం పెళ్ళికి నేనూ వస్తాను."

"నువ్వొస్తే కెమెరా నాకివ్వవు."

"కెమెరా ముట్టుకోనమ్మా. నీ వెనకాల నిలబడతాను."

"ఆ కాలుతో ఎంతసేపు నిలబడతావు?"

"కుర్చీ వేసుకుంటా. నీ వెనకాలే వేసుకుంటా."

క్రిస్టీనా తండ్రి భుజం మీద తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

"మూడు నెలలు!" పుల్లమ్మ నెత్తి కొట్టుకుంది. "మూడు నెలలు నా ప్రాణం తీశారు. అది ఎందుకు కావాలే అని ఒక్కమాట అడిగుంటే..."

అక్కడితో ఆగిపోయింది. ఆ ఒక్కమాట తానూ అడగలేదు. కొంగుతో కళ్ళొత్తుకుని, పొద్దుటి ఇడ్లీలు మళ్ళీ ఆవిరికి పెట్టడానికి లోపలికెళ్ళింది.