పదకొండో కుందేలు

"పదకొండో నంబర్‌కు పేరు పెట్టిందెవరు?"

మంజుల గొంతు కుందేళ్ల గది దాటి వరండాదాకా వినబడింది. బోను తలుపు మీద చాక్‌పీసుతో 'బూరుగు' అని రాసి ఉంది. కుందేలు నిజంగానే బూరుగుదూదిలా తెల్లగా, మెత్తగా ఉంది.

వీరేందర్ చేతిలోని గడ్డికట్ట కిందపెట్టి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నేనే మేడం."

"పేర్లు పెట్టొద్దని చెప్పిన్నా లేదా? రేపు చివర్ల మనకే కష్టమైతది."

అతను తడిగుడ్డతో పేరు తుడిచేశాడు. మొహం తిప్పుకుని మళ్లీ గడ్డికట్ట ఎత్తుకున్నాడు. పొగరు, అనుకుంది మంజుల.

సూర్యాపేటలోని ఆ దంతవైద్య కళాశాలలో ఆమె పరిశోధన మూడేళ్లుగా సాగుతోంది. గుట్కా నమిలి నమిలి నోరు బిగుసుకుపోయిన వాళ్లకు బుగ్గలోపలి పొరను కొత్తగా పెంచి అతికించాలి. ముందు కుందేళ్లకు. వాటి బుగ్గ నుంచి గోరంత ముక్క తీసి, ల్యాబులో పొరగా పెంచి, మళ్లీ వాటికే కుట్టి, అది బతుకుతుందా లేదా చూడాలి.

ఆమె రోజూ పొద్దున్నే మిర్యాలగూడ నుంచి బస్సులో వచ్చేది. వీరేందర్ ఊరు మేళ్లచెరువు. ఒకప్పుడు సిమెంటు లారీ నడిపాడు. ఇప్పుడు కుందేళ్లను చూసుకుంటూ, కాలేజీ వెనక కిరాయి గదిలో ఒక్కడే ఉంటున్నాడు. కుందేళ్లతో తప్ప ఎవరితోనూ మాట్లాడినట్టు లేదు.

ఆ గదికి మనుషులు పెద్దగా రారు. మధ్యాహ్నం ఇద్దరే మిగిలేవాళ్లు. అతను పనిలో చేరిన మొదటి వారం మంజుల టిఫిన్ డబ్బా అతని ముందుకు జరిపింది.

"మా అమ్మ గోంగూర చికెన్ చేసింది. జర తిను."

"వద్దు మేడం."

రెండో వారం బిర్యానీ. "వద్దు మేడం." మూడో వారం చేపల పులుసు. అదే మాట, అదే అడ్డం పెట్టిన చెయ్యి.

మంజుల మూత పెట్టేసింది. వాళ్ల నాన్న సత్యానందం చర్చి పెద్ద. చిన్నప్పుడు ఆయన వెంట పెళ్లిళ్లకు పోయినప్పుడు, తమ పంక్తిలోకి రాకుండా ఆగిపోయిన వాళ్లను ఆమె చూసింది. 'వద్దు' అనే మాటకు ఎన్ని అర్థాలుంటాయో తెలుసు. ఆ రోజు నుంచి అతనికి వీపు తిప్పి, కిటికీవైపు చూస్తూ తినడం మొదలుపెట్టింది. బయట వాన పడుతుంటే, ఒకే గదిలో ఇద్దరు ఒంటరివాళ్లు రెండు మూలల్లో తినేవాళ్లు.

పొర కుట్టిన నాలుగో రోజు. పదకొండో నంబర్ గిన్నెలో మేత నీళ్లలో నాని మెత్తగా ఉంది.

"ఇదేంది? అన్నిటికీ ఒకటే మేత వెయ్యాలె కదా! నా మూడేళ్ల పని ఖరాబ్ చేసినవ్!"

"దాని నోరు నొస్తున్నది మేడం. ఎడమ పక్క. గట్టిది నమలలేకపోతున్నది."

"నీకెట్ల తెల్సు?"

"నేనూ గట్లనే తింట."

మంజుల బల్లమీద ఉన్న అతని గిన్నె వంక చూసింది. అన్నం జావలో కాస్త ఉప్పు, అంతే. కారం లేదు, కూర లేదు.

"వీరేందర్, చెయ్యి తియ్యి. మూడు వేళ్లు నిలువుగా నోట్ల పెట్టుకో."

అతను తల దించుకున్నాడు. ఒక్క వేలు పట్టింది. రెండోది పళ్ల దగ్గరే ఆగిపోయింది.

"లారీల ఉన్నప్పుడు నిద్ర రాకుండ గుట్కా నమిలేది. కారం తగిల్తే నిప్పు పెట్టినట్టుంటది మేడం."

ఆమె కుర్చీలో కూలబడింది. "మూడేళ్లుగా కుందేళ్ల నోళ్లు కొలుస్తున్న. పక్కనున్న నీ నోరు సూడలే."

"నేను సూపియ్యలే గద."

"నేనేమనుకున్ననో తెల్సా? మా ఇంటి కూడు తినవని."

అతని కళ్లు పెద్దవయ్యాయి. "అయ్యో! ఆ బిర్యానీ వాసనకు నోరూరి, ఆ దినం నా జావ సహించలే నాకు!"

ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"గీ పొర నాకు పెట్టొచ్చా మేడం?"

"అబద్ధం చెప్పను. మనుషుల దాకా రావాలంటే ఇంకా ఏండ్లు పడ్తది. కానీ ఇప్పటికే చేస్తున్న ఆపరేషన్ ఒకటుంది, నిన్ను మా సర్‌కు సూపిస్త. అందాక గుట్కా ముట్టొద్దు. నోరు సాగాలంటే రోజూ పళ్ల నడుమ ఐస్‌ఫ్రూట్ పుల్లలు పేర్చి పెట్టాలె."

మొదటి రోజు ఏడు పుల్లలు పట్టాయి. నానబెట్టిన మేత సంగతి ఆమె దాచకుండా రిజిస్టర్‌లో రాసింది.

ఆరు వారాలకు పదకొండో నంబర్ వంతు వచ్చింది. అతికిన పొరను కోసి చూడాలంటే కుందేలును చంపక తప్పదు. వీరేందర్ దాన్ని ఒడిలో పట్టుకున్నాడు. సూది తీసుకున్న మంజుల చెయ్యి ఆగింది.

"తుడిచేసిన పేరేంది?"

"బూరుగు."

"బూరుగూ, కండ్లు మూస్కో తల్లీ."

ఆ సాయంత్రం ఇద్దరూ చాలాసేపు ఖాళీ బోను ముందు కూర్చున్నారు. పొర మాత్రం చక్కగా అతికింది. మంజుల డబ్బా తెరిచింది. పెరుగన్నం, మిరపకాయ తగలనిది. చిన్న ముద్ద చేసి అందించింది. ఈసారి అతను చెయ్యి అడ్డం పెట్టలేదు.

తర్వాత పుల్లలు పెట్టుకున్నాడు. ఎనిమిదోది దూరింది.

పుల్లలు తీసి మెల్లగా అన్నాడు. "మంజులా."

"మరి 'మేడం' అన్న మాటేమాయె?"

"నోరు గింతే తెరుచుకున్నది. రెండు మాటలు పట్టలే."

మంజుల తల తిప్పుకుంది. బస్‌స్టాండు వైపు వాన మొదలైంది. ఆమె బస్సు వెళ్లిపోయే వేళ అయినా లేవలేదు.

"మరి మిర్యాలగూడొచ్చి మా నాన్నతోని మాట్లాడాలంటే ఎన్ని పుల్లలు కావాలె?"

వీరేందర్ చేతిలోని పుల్లలు లెక్కపెట్టుకున్నాడు.

"గీ ఎనిమిది చాలు."