మైకు మీద వేలు

మధ్యాహ్నం బడి వెనక మెట్ల దగ్గర పిల్లల సినిమా షూటింగ్ నడుస్తోంది. సరోజ మేడమ్ ఫోనే కెమెరా. అది ఏడో తరగతి అలేఖ్య చేతిలో ఉంది.

“ప్రేమ సినిమా అంటే హీరో, హీరోయిన్ ఉండాలె గద మేడమ్?” అని రమేశ్ అడిగితే అందరూ నవ్వారు.

“అవ్వకు మనవరాలి మీద ఉండేది ప్రేమ కాదారా? మన సినిమాల వాళ్లే ఉంటరు,” అంది మేడమ్.

మెట్ల మీద కూర్చున్నది అలేఖ్య తరగతి కల్యాణి, లంబాడీ తండా నుంచి వచ్చిన వాళ్ల అవ్వ సుక్కి. అవ్వ పత్తి ఏరే పని మానుకుని, అద్దాల రవికె తొడుక్కుని, చేతినిండా గాజులు వేసుకుని మరీ వచ్చింది. మనవరాలిని చిన్నప్పుడు నిద్రపుచ్చిన పాటను తమ భాషలో ఎత్తుకుంది. కల్యాణి గొంతు కలిపింది.

అలేఖ్యకు కడుపు మండిపోయింది. దేవరుప్పుల ఊళ్లో ఊహ తెలిసినప్పటి నుంచి సంగీతం నేర్చుకుంటున్నది తను. సినిమాలో పాట తనదే అనుకుంది. తమ కిరాణా దుకాణానికి వచ్చిన వాళ్లందరికీ బాపు చెప్పుకున్నాడు కూడా. ఎక్కడా నేర్చుకోని కల్యాణికి పాట, తనకేమో ఫోన్!

అంతలో బొటనవేలికి ఫోన్ అంచున చిన్న రంధ్రం తగిలింది. అది మైకు. వేలు సరిగ్గా దాని మీదే ఉంది. తీయాలని అలేఖ్యకు తెలుసు. తీయలేదు. ఇంకొంచెం గట్టిగా అదిమింది.

పాట ముగిసింది. సుక్కి కళ్లు తుడుచుకుని, ఆటో ఎక్కి వెళ్లిపోయింది. తర్వాత వీడియో పెట్టి చూస్తే పెదవులు కదులుతున్నాయి కానీ, పాట బావిలోంచి వచ్చినట్టు గురగురమంటోంది.

“ఫోన్ పాతది గద మేడమ్. ఖరాబైనట్టుంది,” అంది అలేఖ్య గబగబా.

కల్యాణి తల దించుకుంది. “తప్పు ఫోన్‌ది కాదు మేడమ్. నా గొంతే చిన్నగుంది. పాట అలేఖ్యకే ఇయ్యుండ్రి.”

కోరుకున్నది దొరికింది. అయినా అలేఖ్య ఫోన్ మేడమ్ చేతిలో పెట్టేసి పక్కకు జరిగింది.

మర్నాడు ప్రార్థన అయ్యాక, మేడమ్ ఎప్పట్లాగే అందరి చేతా కళ్లు మూయించింది. “మనసుల ఏమొస్తే గది చూడుండ్రి. దాచిపెట్టకుండ్రి.”

ఆ సమయంలో అలేఖ్య రోజూ మధ్యాహ్న భోజనంలో కూరేమిటా అని ఆలోచించేది. ఇవాళ నిజంగానే చూసింది. కల్యాణి మీద కుళ్లు కనబడింది. దాని పక్కనే తన వేలు. ఫోన్ తప్పు లేదు. కల్యాణి గొంతు తప్పూ లేదు.

వరుసలోంచి బయటికొచ్చింది. “మేడమ్, మైకు మీద నేనే వేలు పెట్టిన. తెలిసే పెట్టిన. కల్యాణి పాడుతుంటే ఓర్వలేకపోయిన.”

“మా అవ్వ పని ఇడిసిపెట్టి వచ్చింది!” అని కల్యాణి మొహం తిప్పుకుంది.

మేడమ్ తిట్టలేదు. “ఇప్పుడేం చేస్తవ్?” అంది.

“ఆదివారం తండాకు పోత. అవ్వకు నేనే చెప్త. ఒప్పుకుంటే మళ్ల తీస్త.”

ఆదివారం మేడమ్ వెంట వెళ్లి, మంచం మీద కూర్చున్న సుక్కికి జరిగిందంతా చెప్పింది. ముసలామె అలేఖ్య బొటనవేలు పట్టుకుని చూసింది. తర్వాత ఫక్కున నవ్వింది.

“చిన్నప్పుడు మా అక్క పాడితే నేను పోయి దాని జడ గుంజిన బిడ్డా. వీపు వాచేటట్టు కొట్టింది. జర ఆగు, గాజులేసుకొస్త.”

పక్కనే ఉన్న కల్యాణికి కూడా నవ్వు ఆగలేదు.

పాట మొదలైంది. కల్యాణి గొంతు పైకి లేచేసరికి, అలేఖ్య లోపల కుళ్లు మళ్లీ కదిలింది. వచ్చిందని తెలుసుకుంది. వేలు ఎక్కడుందో ఒకసారి చూసుకుంది. చెవులు పాటకు అప్పగించింది.

ఇంతలో ఓ మేకపిల్ల పరుగెత్తుకొచ్చి, అరవడానికి నోరు తెరిచింది. అలేఖ్య కెమెరా కదలనివ్వలేదు. ఎడమచేత్తో పక్కనున్న వేప రెమ్మ అందుకుని దాని నోటికి అందించింది. పాట పూర్తయ్యేదాకా అది నములుతూనే ఉంది.