ఆరో కిటికీ

"దీన్ని బాగు చెయ్యడం కన్నా పాతిపెట్టడం తేలికండీ" అన్నాడు గెథిన్, కారవాన్ గుమ్మం దగ్గరే ఆగి.

"మిమ్మల్ని పిలిచింది కిటికీలు చూడ్డానికి. అంత్యక్రియలు చేయించడానికి కాదు" అంది లోపలున్న అమ్మాయి, నడుం మీద చేతులు పెట్టుకుని.

మే నెల మొదట్లో, వేల్స్ పడమటి కొసన, సముద్రం పక్కనున్న ఆ కారవాన్ల మైదానంలో సన్నగా చినుకులు పడుతున్న ఉదయాన వాళ్లిద్దరి పరిచయం అలా మొదలైంది. శుభమా అంటే అవునని చెప్పడం కష్టం.

ఆ అమ్మాయి పేరు నెరిస్. ఎవరో గొర్రెల రైతు కొట్టం వెనక ముప్పై ఐదేళ్లుగా ఎండకీ వానకీ పడున్న ఈ కారవాన్‌ని, కారు వెనక తగిలించి లాక్కెళ్లే ఈ చక్రాల ఇంటిని, కొనుక్కుని ఇక్కడికి లాక్కొచ్చింది. చక్రాలు బాగానే ఉన్నాయి. కప్పు కారడం లేదు. గోలంతా కిటికీలతోనే. ఆరు కిటికీలకి ఆరు బ్లైండ్లు, లాగితే కిందకి దిగి, వదిలితే పైనున్న గొట్టానికి చుట్టుకునే గుడ్డ తెరలు. ఒకటి కిందకి రానంటుంది, ఒకటి పైకి పోనంటుంది, ఇంకొకదాని గుడ్డ బూజు పట్టి నల్లబడింది. కిందకి దించిన బ్లైండ్‌ని పట్టి ఉంచే గొళ్లేలైతే ముట్టుకోగానే చేతిలోకి ఊడి వస్తున్నాయి.

"ఇంత తంటా ఎందుకండీ? కర్టెన్లు కట్టేసుకోండి."

"కర్టెన్లు సరిపోవు. జూన్ నుంచి నాకు ఉత్తరాన, షెట్లాండ్ దీవుల్లో ఉద్యోగం. సముద్రపు పక్షుల్ని లెక్కపెట్టాలి. వేసవిలో అక్కడ రాత్రి పదకొండింటికి కూడా పేపర్ చదువుకోవచ్చట, మళ్లీ మూడింటికే తెల్లారుతుందట. నాకేమో కాస్త వెలుతురున్నా కన్ను మూతపడదు. బ్లైండ్లు లేకపోతే నాలుగు నెలలూ గుడ్లగూబలా కూర్చోవాలి."

"మంచిదేగా. పక్షుల్లో కలిసిపోతారు."

ఆమె కళ్లు చిట్లించి చూసింది. తిడుతుందనుకున్నాడు. పకపకా నవ్వేసింది. అంతే, గెథిన్ పని అయిపోయింది.

అతనికి తెలిసిన పని కిటికీలు బాగుచెయ్యడమొక్కటే. ఆ తీరంలో ఎవరి పాత కారవాన్‌కి కిటికీ బిగుసుకుపోయినా, గొళ్లెం విరిగినా, బ్లైండ్ మొరాయించినా గెథిన్‌కే కబురొచ్చేది. మైదానం చివర తనూ ఒక పాత కారవాన్‌లోనే కాపురం. అదీ నెరిస్ కొన్న రకమే, కాకపోతే రెండేళ్లు చిన్నది.

మామూలుగా అతను రోజుకో బ్లైండ్ పూర్తి చేస్తాడు. నెరిస్ కారవాన్‌లో మూడు వారాలు గడిచేసరికి ఐదంటే ఐదు పూర్తయ్యాయి. ఈలోగా 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది, వచ్చిన రోజల్లా టీ వచ్చింది, టీతో పాటు ఎండుద్రాక్ష రొట్టె కూడా వచ్చింది.

"ఈ గొట్టంలో స్ప్రింగ్ ఉంటుంది" అని చూపించాడు ఒకరోజు. "కొసనున్న పిన్నుని ప్లయర్‌తో పట్టుకుని సరిగ్గా పద్దెనిమిది చుట్లు తిప్పాలి. తక్కువైతే బ్లైండ్ నీరసంగా వేలాడుతుంది. ఎక్కువైతే గొళ్లెం కూడా ఆపలేదు, ఎగిరిపోతుంది. నేను తిప్పుతా, నువ్వు లెక్కపెట్టు."

నెరిస్ అతని భుజం పక్కకి వంగి లెక్కపెట్టింది. పద్నాలుగు దగ్గర ఆగిపోయింది. "అయ్యో, లెక్క తప్పాను. మొదట్నుంచి తిప్పు."

మళ్లీ పద్నాలుగు దగ్గరే తప్పింది.

ఆ మైదానం యజమాని ఆల్వెన్ ఆంటీకి డెబ్బై ఏళ్లు. చెవులు మాత్రం ఇంకా పాతికలోనే ఉన్నాయి. "ఏరా గెథిన్, కొండల మీద వేల పక్షుల్ని లెక్కపెట్టే పిల్లకి పద్దెనిమిది దాకా రావట్లేదట్రా?" అని పళ్లికిలించింది.

"స్ప్రింగ్ పని కష్టం ఆంటీ."

"ఔనౌను, చూస్తున్నాగా ఎంత కష్టపడుతున్నావో!"

ఆమె మాటలకి సిగ్గుపడ్డాడే గానీ, నెరిస్‌తో చెప్పాల్సిన మాట మాత్రం చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ కూర్చున్నాడు. వెళ్లిపోయే పిల్లని ఆగమనడం ఎలా? ఏ మొహం పెట్టుకుని అడగాలి?

ఆమె బయల్దేరాల్సిన శనివారం ఇంకా ఐదు రోజులుందనగా రోడ్రి దిగాడు.

ఆరడుగుల మనిషి. గుబురు గడ్డం. మెడలో బైనాక్యులర్స్. కొత్తగా తళతళలాడే వ్యాన్, బటన్ నొక్కితే వాటంతటవే దిగే బ్లైండ్లు. షెట్లాండ్‌లో పక్షుల లెక్కకి అతనే పెద్ద. వచ్చి సరిగ్గా నెరిస్ పక్కనే వ్యాన్ నిలిపాడు. అంత మైదానం ఖాళీగా ఉంటే అక్కడే దొరికిందా చోటు!

"ఆ కిటికీల అబ్బాయివి నువ్వేనా?" అన్నాడు గెథిన్‌ని చూసి.

కిటికీల అబ్బాయి! గెథిన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. "అవును, నేనే. మీరేనా పక్షుల పెద్దాయన?" అన్నాడు. రోడ్రికి ముప్పై రెండేళ్లకి మించవు.

నెరిస్ బయటికి రాగానే ఆమే, రోడ్రీ పక్షుల కబుర్లలో పడ్డారు. ఏ పక్షి ఏ రాతి సందులో గుడ్లు పెడుతుందో రోడ్రి చెబుతుంటే, ఏది ఎలా నడుస్తుందో నెరిస్ నడిచి చూపిస్తుంది. ఇద్దరూ విరగబడి నవ్వుతారు. గెథిన్ స్క్రూ డ్రైవర్ పట్టుకుని ఐదో కిటికీ గొళ్లేన్ని అరగంట బిగించాడు. అది ఎప్పుడో బిగుసుకుంది.

"శనివారం ఇద్దరూ కలిసే బయల్దేరుతున్నారట" అంది ఆల్వెన్ ఆంటీ, అడక్కుండానే. "నాలుగు నెలలు, ఒకే దీవి. పైగా ఆ అబ్బాయి చేపల కూర అద్భుతంగా చేస్తాడట."

"అయితే నాకేంటి?"

"నీకేం లేదు నాయనా. నీ మొహమే అలా మాడిపోయింది."

గురువారం మధ్యాహ్నం నెరిస్ హడావిడిగా వచ్చింది. "గెథిన్, ఆ ఆరో బ్లైండ్ ఇవాళ బిగించేస్తావా? సోఫా వెనకది. సాయంత్రం రోడ్రి భోజనానికొస్తున్నాడు. ఏడింటికి ఎండ సరిగ్గా కళ్లల్లో కొడుతుంది."

"ఎండకేనా బ్లైండ్?" అని నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

సోఫా మీద మోకాళ్లూని కూర్చుని గొట్టాన్ని చేతిలోకి తీసుకున్నాడు. బయట నెరిస్ ఎవరితోనో మాట్లాడుతోంది. ఈ సాయంత్రం బ్లైండ్ దిగుతుంది. లోపల మసక వెలుతురు, చేపల కూర, ఆ గడ్డం, ఆ నవ్వులు. బయట తను. ఈ బ్లైండ్‌ని బిగించింది కూడా తనే.

పద్దెనిమిది చుట్లు తిప్పాడు. చెయ్యి ఆగలేదు. పంతొమ్మిది, ఇరవై, ఇరవై ఐదు. ఇరవై ఎనిమిది దగ్గర పిన్ను ఇక తిరగనని మొండికేసింది.

'ఏమవుతుంది? మహా అయితే పైకి ఎగురుతుంది. వాళ్లిద్దరి భోజనం మైదానమంతా చూస్తుంది. చూడనీ' అనుకున్నాడు. ఆరేళ్ల పనిలో అతను కావాలని చెడగొట్టిన పని అదొక్కటే. మెల్లిగా కిందకి దించి, గొళ్లేలకి తగిలించి, మంచివాడిలా దిగి వెళ్లిపోయాడు.

ఏడింటికి గెథిన్ ఆల్వెన్ ఆంటీ వాకిట్లో నీళ్ల కుళాయి బాగుచేస్తున్నాడు. దానికి ఏ జబ్బూ లేదు. అక్కణ్ణుంచి నెరిస్ కిటికీ బాగా కనబడుతుంది, అదీ సంగతి.

ఠాప్‌మని చప్పుడైంది. వెంటనే నెరిస్ కేక.

గెథిన్ కుళాయి వదిలేసి పరుగెత్తాడు. లోపల నెరిస్ ఒక్కతే ఉంది, నేల మీద కూర్చుని. బ్లైండ్ కింది పట్టీ పాత గొళ్లేన్ని పెరుక్కుని ఎగిరి కనుబొమ్మకి తగిలింది. వేళ్ల సందుల్లోంచి రక్తం. గుడ్డ ఈ చివర్నుంచి ఆ చివరకి చిరిగి వేలాడుతోంది. రోడ్రి అప్పుడే కూర గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"ఎవడు బిగించాడిది? వాడికి బుద్ధుందా?" అని అరిచాడు రోడ్రి, గిన్నె బల్ల మీద పెట్టి, రుమాలు తీసి గాయానికి అదుముతూ.

"గెథిన్‌ని ఏమీ అనకు" అంది నెరిస్. "మూడు వారాలుగా చూస్తున్నా, అతని పనిలో ఇంతవరకూ తేడా రాలేదు. స్ప్రింగే పాతదైపోయి ఉంటుంది."

ఊ అంటే చాలు, బయటపడిపోతాడు. పాత స్ప్రింగ్‌కి నోరు లేదు, తిరిగి మాట్లాడదు. కానీ అంత రక్తం కారుతూ కూడా ఆమె తనని వెనకేసుకొస్తుంటే గెథిన్ ఆ ఊ అనలేకపోయాడు.

"స్ప్రింగ్ తప్పు కాదు నెరిస్. పద్దెనిమిది తిప్పాల్సింది, ఇరవై ఎనిమిది తిప్పాను. కావాలనే తిప్పాను."

"కావాలనా? ఎందుకు?"

"మీరిద్దరూ ఈ బ్లైండ్ వేసుకుని కూర్చుంటే ఓర్చుకోలేక."

రోడ్రి ఎటు చూడాలో తెలియక పొయ్యి వైపు చూశాడు.

"నా కన్ను పోయేది గెథిన్" అంది నెరిస్ చాలా మెల్లగా. అరిచినా బాగుండేది. "వెళ్లు ఇక్కణ్ణుంచి."

ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు. పొద్దున్నే పాత కారవాన్లు విప్పి సామాన్లు అమ్మేవాళ్లందరికీ ఫోన్లు చేశాడు. ఆ సైజు ఎవరి దగ్గరా లేదు, అవి తయారు చేయడం మానేసి ఇరవై ఏళ్లయింది. ఫోన్ జేబులో పెట్టుకుని, తన మంచం పక్క కిటికీ వైపు ఒక్క క్షణం చూసి, స్క్రూ డ్రైవర్ తీశాడు.

నెరిస్ తలుపు తీసింది. కనుబొమ్మ మీద ప్లాస్టర్. రమ్మనలేదు, పొమ్మనలేదు, పక్కకి జరిగి నిలబడింది. గెథిన్ చిరిగిన బ్లైండ్ విప్పాడు. కొత్త గొళ్లేలు బిగించాడు. తను తెచ్చినదాన్ని సిద్ధం చేసి ప్లయర్ ఆమె చేతికిచ్చాడు.

"నువ్వే తిప్పు. నా చెయ్యిని నమ్మొద్దు."

ఆమె తిప్పింది. పద్దెనిమిదీ తప్పకుండా లెక్కపెట్టింది. కిందకి లాగి గొళ్లేలకి తగిలిస్తే బ్లైండ్ బుద్ధిగా నిలబడింది. లోపలంతా మసక చీకటి.

"ఎక్కడ దొరికింది ఇది?"

"నా కిటికీది."

"మరి నీకు?"

"తువ్వాలు కట్టుకున్నా."

ఆమె సోఫా అంచున కూర్చుంది. "రోడ్రి నన్ను సోమవారమే అడిగాడు. దీవిలో తనతో కలిసి ఉంటావా అని."

గెథిన్ వెంటనే అడిగాడు. "నువ్వేమన్నావ్?"

"నువ్వేమంటావ్?"

"నేననడానికి నాకేం హక్కుంది?"

"ఏ హక్కూ లేనివాడివి ఇరవై ఎనిమిది చుట్లు ఎందుకు తిప్పావ్?"

గెథిన్ ఉన్న నిజం చెప్పేశాడు. "నువ్వంటే నాకిష్టం నెరిస్. రోజుకొకటి చేసేవాణ్ణి మూడు వారాలకి ఐదు చేశాను. ఆరోది అయిపోతే వెళ్లిపోతావని భయం. ఆ మాట చెప్పే ధైర్యం లేక, కుళ్లుకుని నీకు దెబ్బ తగిలేలా చేశాను. నీ ఉద్యోగం మానుకోమని అనను. కానీ అతనితో ఉండకు. నాకు హక్కు లేదని తెలుసు. అయినా ఉండకు."

"ఇదే మాట మొన్న చెప్పి ఉంటే నా కనుబొమ్మ మిగిలేది."

"అతనికి ఏం చెప్పావో చెప్పు ముందు!"

"వద్దని చెప్పా. మంచివాడు, పైగా పెద్దాఫీసరు, దారిలో నిలబెట్టి చెప్పకూడదని భోజనానికి పిలిచా. నిన్న నువ్వెళ్లాక కూర తింటూ చెప్పా. పాపం, కూర మాత్రం చాలా బాగా చేశాడు."

"అంత బాగుందా?" అన్నాడు గెథిన్, మొహం చిన్నబుచ్చుకుని.

నెరిస్ నవ్వు ఆపుకోబోయి, ప్లాస్టర్ లాగి, "అబ్బా" అంది. అతను కంగారుగా చెయ్యి చాపాడు. ఆమె ఆ చేతిని పట్టుకుంది, వదల్లేదు.

"ఇదిగో, నాకింకా కోపం తగ్గలేదు. తెలుస్తోందా?"

"ఎప్పటికి తగ్గుతుంది?"

"సెప్టెంబర్లో తిరిగొస్తాగా, అప్పటికి."

"నాలుగు నెలలా!"

"ముందే తగ్గాలంటే నువ్వే అక్కడికొచ్చి తగ్గించుకోవాలి. జూలైలో పడవలు ఖాళీగా ఉంటాయట."

"అతనూ అక్కడే ఉంటాడు కదా?"

"ఉంటాడు. పక్క కొండ మీదే. కోపమేమీ లేదన్నాడు, ఆదివారాలు అందరికీ చేపల కూర తనే వండుతాడట."

"జూలై దాకా ఎందుకు?" అన్నాడు గెథిన్. "జూన్ మొదటి ఆదివారానికే వస్తా."