మిలాన్‌లో మూసిన ఇళ్లు

...అయినా ఆ ఇటుకలు పేర్చినవాడికీ ఒక ఇల్లు ఉండే ఉంటుంది కదా, సాయంత్రం చేతులు కడుక్కుని భోజనానికి కూర్చుంటే వాడికి ముద్ద ఎలా దిగిందో... వెనక వరండాలో బట్టలు మడతపెడుతూ అమృతం అదే ఆలోచిస్తోంది. పదో తరగతి చదివే కూతురు జెన్సీకి స్కూల్లో అసైన్‌మెంటు ఇచ్చారు. పాతకాలం యూరప్‌లో ప్లేగు ఎందుకొచ్చింది, జనం ఏం చేశారు, సమాజం ఎలా మారింది అని.

"మమ్మీ, లిజన్. మిలాన్‌లో ఒక ఇంట్లో ప్లేగు వస్తే డోర్లు, విండోస్ అన్నీ ఇటుకలతో మూసేశారట. విత్ ద పీపుల్ ఇన్‌సైడ్." పొద్దున గడప అవతలే నిలబడి చదివింది జెన్సీ. గడప దాటొద్దని వాళ్ల నాన్న మాట.

"జబ్బు లేనివాళ్లు కూడానా?"

"ఎవ్రీవన్."

"దాంతో ఆగిందా?"

జెన్సీ కాగితం తిరగేసింది. "మిగతా ఊళ్లకంటే అక్కడ తక్కువమంది పోయారట. సో, ఇట్ వర్క్‌డ్. కైండ్ ఆఫ్."

"ఆ ముక్క మీ డాడీకి చెప్పకు."

జెన్సీ నవ్వింది. అమృతానికి నవ్వు రాలేదు.

తనకు క్షయ అని తేలి ఐదు నెలలయింది. ఇక మీవల్ల ఎవరికీ రాదు, డ్యూటీకి వెళ్లొచ్చు అని మూడో నెలలోనే డాక్టరు ఉత్తరం రాసిచ్చాడు. టూవూంబా అనే ఈ పరాయిదేశపు ఊళ్లో ఒక వృద్ధాశ్రమంలో ఆమె నర్సు. అక్కడి ముసలమ్మలకి స్నానాలు చేయిస్తుంది, సూప్ తాగిస్తుంది, వాళ్లు పట్టుకున్న చెయ్యి వదలరు. ఇంటికొస్తే ఈ వరండా, మడతమంచం, విడి కంచం... భర్త ఆనందబాబు యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెప్పే మనిషి. ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, "మందులు పూర్తికానీ అమృతం" అన్నాడు. అతని చిన్నప్పుడు మేనత్తని ఈ జబ్బే తీసుకుపోయిందట. అతనెప్పుడూ చెప్పలేదు, అత్తగారు చెప్పింది. కోప్పడబోతే కనపడని ఆ మేనత్త అడ్డొస్తుంది. మింగుదామంటే గొంతు దిగదు. ఎవరిమీదా చూపించలేని కోపాన్ని మనిషి ఎక్కడ పెట్టుకోవాలి?

చెడ్డగాలి అనుకుని పూలు ముక్కుకి పెట్టుకు తిరిగారట ఆ జనం. అసలు కారణం ఎలుకల ఒంటిమీది పురుగు. బావుల్లో విషం కలిపారని యూదుల్ని కాల్చేశారట. ఊళ్లు ఖాళీ అయ్యాక మిగిలిన కూలీలకి గిరాకీ పెరిగిందట. అన్నీ చక్కగా రాసింది పిల్ల. "ఆ గోడలు కూల్చాక, బతికి బయటికొచ్చినవాళ్లు బయటివాళ్ల మొహం ఎలా చూశారో రాశారా?" అని అడిగితే, "దట్స్ నాట్ ఇన్ ద బుక్, మమ్మీ" అంది.

"కారు వెనక సందులో పెట్టావు కదా?" గడప అవతలనుంచి ఆనందబాబు. ఇవాళ మొదటి శనివారం, ఇంట్లో ప్రార్థన కూటం. "డ్యూటీలో ఉన్నావని చెప్తాను."

"ప్రతి నెలా ఇదే అబద్ధమా అండీ... ప్రార్థనకి ముందు?"

"ఉన్నవే నాలుగు తెలుగు ఇళ్లు. తెలిస్తే రారు. వాళ్లు రాకపోతే ఈ ఊళ్లో మనకెవరున్నారు?" గొంతు తగ్గించాడు. "పాటలప్పుడు దగ్గొచ్చినా ఫరవాలేదు. ప్రార్థనప్పుడే కాస్త..."

ఆమె మడతపెట్టిన బట్టలు మంచం మీద పేర్చింది.

పాటలయ్యాయి. విన్నపాల వేళ వచ్చింది. అందరికంటే పెద్దవాడైన రామ్మోహన్ అంకుల్ గొంతు తలుపు దాటి వచ్చింది. "తండ్రీ, మా చెల్లెలు అమృతమ్మకి ప్రతి కూటం రోజూ డ్యూటీయే పడుతోంది. ఆమె పైఅధికారిణి హృదయాన్ని మెత్తబరచు ప్రభువా. శనివారాలు సెలవిప్పించు."

"ఆమెన్" అన్నారంతా. ఆనందబాబు కూడా అన్నాడు, కాస్త వెనకగా.

అమృతానికి నవ్వొచ్చింది. ఆ నవ్వులోంచే ఏడుపొచ్చింది. ఏ పాపమూ ఎరుగని ఆ అధికారిణి మనసు మారాలని ఇంతమంది దేవుణ్ణి బతిమాలుతున్నారు... ఈ తలుపుకి ఇటుకలు లేవు, తాళం కూడా లేదు. ఐదు నెలలుగా ఇది మూసి ఉండడంలో తన చెయ్యి ఎంత?

తలుపు తీసింది.

"అరే, డ్యూటీ అయిపోయిందా అక్కా?" అంది పక్కవీధి కరోలిన్.

"డ్యూటీకి వెళ్లలేదమ్మా. నాకు క్షయ వచ్చింది. మీకు అంటదని డాక్టరు చెప్పాడు. ఈ ఐదు నెలలూ కూటం జరుగుతున్నప్పుడు వెనక వరండాలోనే ఉన్నాను."

ఆనందబాబు కార్పెట్ వైపు చూస్తున్నాడు, అతని చెవులు ఎర్రబడ్డాయి. రామ్మోహన్ అంకుల్ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, "నలభై రెండో పాట" అన్నాడు.

అమృతం వెళ్లి కరోలిన్ పక్కన, మధ్యలో జాగా వదలకుండా కూర్చుంది. కరోలిన్ ఒళ్లోని పాటల పుస్తకానికి రెండో అంచు పట్టుకుంది.