వంటింటి గోడ మీది అక్షరాలు

పొద్దున టీ గిన్నె పొయ్యి దిగేసరికి ఆ ఇంట్లో కంటి పరీక్ష అయిపోవాలి. పెట్టేది డాక్టరేం కాదు, ముప్ఫై ఏళ్ళుగా దుకాణాలకు బోర్డులు రాస్తున్న తండ్రి. కూతురి కుడికంటికి ఆపరేషనైన నెలలోపే వంటింటి గోడ మీద ఆరు వరుసల అక్షరాలు రాసేశాడు. పైన జానెడు అక్షరం, అట్టడుగున పప్పుగింజంత. కూతురు గడప దగ్గర నిలబడి, ఎడమకన్ను అరచేత్తో మూసుకుని, ఒక్కో వరుసా చదవాలి.

నల్లగుడ్డు పలచబడి ముందుకు పొడుచుకొచ్చే జబ్బు ఆమెది. రెండు కళ్ళకూ ఉంది, కుడిదానికి బాగా ముదిరింది. డాక్టరు పై పొరలు తీసేసి దాత కంటి పొర కుట్టాడు, లోపలి పొర మాత్రం ఆమెదే ఉంచాడు. కుట్లు ఏడాది పైనే ఉంటాయనీ, ఆ తర్వాత కూడా కళ్ళద్దాలో గట్టి లెన్సో తప్పకపోవచ్చనీ, కన్ను ఎర్రబడితే ఆ రోజే రమ్మనీ చెప్పాడు. తండ్రి చెవికెక్కింది "ఆపరేషన్ బాగా జరిగింది" అన్న ఒక్క ముక్కే. మిగతాదంతా ఈ చెవిన దూరి ఆ చెవిన బయటికి పోయింది.

ఎనిమిది నెలలుగా కూతురు ఆరో వరుస దాకా గడగడా చదువుతోంది. తండ్రి ఆ సంగతి ఊరంతా చాటాడు. చిన్న కుంచె పనిలో తనను మించిన చెయ్యి ఆమెది. సోమవారం నుంచి మందుల దుకాణం బోర్డు ఆమే రాస్తుందని మాట కూడా ఇచ్చేశాడు మహానుభావుడు.

ఆ రోజు, వంటింటి ఆవిరికి కింది మూడు వరుసలూ పెచ్చులూడాయని, కూతురు స్నానానికి వెళ్ళినప్పుడు గీకేసి, తోచిన అక్షరాలు కొత్తగా రాశాడు.

కూతురు వచ్చి గడప దగ్గర నిలబడింది. "ర, చ, ట, ప, న, గ" అంటూ నాలుగో వరుస తడుముకోకుండా అప్పజెప్పింది. గోడ మీద ఆ వరుసలో వాటిలో ఒక్కటీ లేదు.

"ఇంకోసారి చదువు" అన్నాడు తండ్రి.

ఆమె మళ్ళీ అవే చదివింది. తల్లి పొయ్యి ఆపేసింది.

"ఎన్నాళ్ళ నుంచి ఈ నాటకం?"

కూతురికి అర్థమైంది. చెయ్యి దించేసింది. "మొదట్నుంచీ. దగ్గరికెళ్ళి చూసి బట్టీ పట్టాను."

"మందుల షాపాయనకి ఏ మొహం పెట్టుకుని చెప్పను? నా పరువేం గాను?"

"పరువు సంగతి తర్వాత చూద్దురుగానీ, దాని కన్ను చూశారా?" అంది తల్లి. "నాలుగు రోజులుగా ఎర్రగా ఉంది. అడిగితే సబ్బు పడిందంటోంది."

ఆయన చూడలేదు. ఎనిమిది నెలలుగా ఆమె చదువుతుంటే ఆయన చూపంతా గోడ మీదే.

"మొట్టమొదటి రోజు మూడో వరుస దగ్గర ఆగిపోయాను, గుర్తుందా నాన్నా?" అంది కూతురు. "అన్నం ముందు నుంచి లేచిపోయావు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కొత్త కన్నొచ్చిందని నువ్వు అందరికీ చెప్పుకుంటుంటే, ఇసుక పడ్డట్టు గుచ్చుకుంటోందని నేనెవరికి చెప్పను?"

ఆయన చేతి రంగు కూడా తుడుచుకోకుండా ఆమెను ఆసుపత్రికి బయల్దేరదీశాడు.

"ఒక కుట్టు వదులైంది, పక్కన పుండు మొదలైంది" అన్నాడు డాక్టరు. "ఇంకో రెండు రోజులు ఆగుంటే అతికిన పొర దక్కేది కాదు." కుట్టు తీసేసి, గంటగంటకూ చుక్కలు వెయ్యమన్నాడు. మచ్చ మిగలొచ్చట. ఎంత చూపు వస్తుందో కుట్లన్నీ తీశాక లెన్సు పెట్టి చూస్తేగానీ తెలియదట. చిన్న అక్షరాల పని ఇప్పట్లో తలపెట్టొద్దన్నాడు.

వరండాలో బల్ల మీద తండ్రీకూతుళ్ళు కూర్చున్నారు. "ఏం కనిపిస్తోందమ్మా?" అనడిగాడు తండ్రి. ఇన్ని నెలల్లో ఆ మాట అడగడం అదే మొదలు.

ఆమె అలవాటుగా ఎడమకన్ను అరచేత్తో మూసుకుని ఆయన వైపు తిరిగింది. "నువ్వు పక్కనున్నావని తెలుస్తోంది. మొహం అలుక్కుపోయినట్టుంది." అలాగే చూస్తూ, "ఏడుస్తున్నావా నాన్నా? నాకు తెలీట్లేదు" అంది.

లేదని చెప్పబోయాడు. అలాంటి అబద్ధాలే ఆమె చేత ఇన్నాళ్ళూ చెప్పించానని అప్పుడు తట్టి, సిగ్గుతో చితికిపోయాడు.

"అవునమ్మా" అన్నాడు.